కళ్ళు మూసుకుని చూడవలసిన కొండ

తురాయికొండ మీద జంతువుల్ని చూడకూడదని నిబంధన వచ్చాక కూడా, జంతువుల్ని చూపించే బస్సు రోజూ పొద్దున్నే కొండ ఎక్కుతూనే ఉంది. ఇందులో వింతేమీ లేదు. బస్సు ఒక శాఖది, నిబంధన ఇంకో శాఖది. బస్సుని ఒక పెద్దమనిషి జెండా ఊపి ప్రారంభించారు కాబట్టి ఆపడానికి వీల్లేదు. నిబంధనని పట్నంలో ఒక సదస్సు ఏకగ్రీవంగా ఆమోదించింది కాబట్టి సడలించడానికీ వీల్లేదు. రెండూ వేటి దారిన అవి నడుస్తున్నాయి. మధ్యలో తడబడాల్సింది జనమే.

ఆ సదస్సులో జరిగింది ఇదీ. చల్లటి హాల్లో ఒక పండితుడు తెర మీద అడవిదున్న బొమ్మ చూపించాడు. అది గడ్డి మేస్తోంది. ఎదురుగా యాత్రికులు గుంపుగా నిలబడి నోళ్ళు తెరుచుకుని చూస్తున్నారు. "మీరు భోంచేస్తుంటే కిటికీలోంచి జనం ఇలా చూస్తే మీకెలా ఉంటుంది?" అని అడిగాడు పండితుడు. ఆ సమయానికి అధికారులందరి చేతుల్లోనూ సమోసాలున్నాయి. అందరూ ఒక్కసారిగా నమలడం ఆపేశారు. ఆ నిశ్శబ్దంలోంచే వన్యప్రాణి గోప్యతా మండలి పుట్టింది. అనుమతి లేకుండా ఏ అడవి జంతువునీ కంటితో చూడరాదని మండలి తీర్మానించింది. అనుమతి అంటే మండలి అనుమతి కాదు, జంతువు అనుమతి.

ఈ సంగతులేవీ జోగారావు మాస్టారికి తెలియవు. బొబ్బిలి కాలేజీలో ఫిజిక్సు చెప్పి రిటైరైన మనిషి ఆయన. కాంతి వస్తువు మీద పడి, వెనక్కి తిరిగి మన కంట్లో పడుతుంది, అప్పుడు మనకి వస్తువు కనిపిస్తుంది, ఇందులో ఎవరి అనుమతీ లేదు అని ఏళ్ళ తరబడి పాఠం చెప్పారు. ఆయన తురాయికొండకి రావడం ఇది రెండోసారి. మొదటిసారి పెళ్ళయిన కొత్తలో, భార్య వరహాలమ్మతో వచ్చారు. కొండ మీద అతిథిగృహం ముందున్న పెద్ద నల్లమద్ది చెట్టు కింద ఆయన వంగి తెగిన చెప్పుకి పిన్నీసు పెట్టుకుంటుంటే, "ఏవండీ, పైన చూడండి, పెద్ద ఉడుత, రెండు రంగులది, తోక దానికంటే పొడుగు" అంది ఆవిడ. ఈయన తలెత్తేసరికి ఏమీ లేదు.

"పిల్లి అయ్యుంటుంది," అన్నారు ఆయన.

అంతే. ఆ ఒక్క మాట మీద వాళ్ళ కాపురం మొత్తం నడిచింది. కూరలో ఉప్పు తక్కువైందని ఈయనంటే, "పిల్లికీ ఉడుతకీ తేడా కనిపెట్టలేని మనిషికి ఉప్పేం తెలుస్తుందిలెండి" అనేది ఆవిడ. ఆవిడ కళ్ళజోడు మార్చుకోవాలంటే, "పిల్లిని చూసి ఉడుత అనే కళ్ళకి ఏ జోడు పెట్టినా ఒకటే" అనేవారు ఆయన. పోయే ముందు ఆస్పత్రి మంచం మీద కూడా చెయ్యి పట్టుకుని, "అది ఉడుతేనండీ" అంది, ఆ మాట అనేసి కొంచెం నవ్వింది. కిందటి వానాకాలంలో ఆవిడ పోయింది. ఆ ఉడుతని ఒక్కసారి కంటితో చూసి, ఓడిపోయానని ఒప్పుకుందామని బస్సెక్కారు మాస్టారు. ఒప్పుకోడానికి ఎదుట మనిషి లేకపోయినా, ఒప్పుకోవలసిన మాట మాత్రం ఉండిపోయింది.

బస్సులో పక్క సీటు ఎర్నమ్మ గారిది. పలాస వైపు మనిషి. ఒళ్ళో గారెల గిన్నె, దాని మీద మూత, మూత మీద చెయ్యి. మాస్టారు మోకాళ్ళు ఇరుకున పడ్డాయని గమనించి, అడక్కుండానే కిటికీ పక్క సీటు ఇచ్చేసింది. తెల్లవారి పొగమంచులో ఆ కిటికీ అద్దం చల్లగా తగులుతుంటే, రోజు బాగానే మొదలైందనుకున్నారు మాస్టారు.

ఘాట్ రోడ్డు మొదలవగానే తవిటినాయుడు లేచి నిలబడ్డాడు. అతను ఇదివరకు గైడు. ఇప్పుడు గౌరవ సహాయకుడు. అందరికీ తలో ఆకుపచ్చ గుడ్డ పట్టీ పంచాడు. పట్టీ మీద మండలి ముద్ర ఉంది: కళ్ళు మూసుకున్న అడవిదున్న.

"వీటిని గౌరవ పట్టీలంటారు. నుదుటికి కట్టుకోవాలి. జంతువు కనబడగానే సాధికార వీక్షకులవారు ఈల వేస్తారు. ఈల వినగానే పట్టీని కళ్ళ మీదకి దించాలి. రెండో ఈల వేసేదాకా ఎత్తకూడదు."

"మరి జంతువుని ఎప్పుడు సూడాల నాయినా?" అంది ఎర్నమ్మ.

"చూడకూడదమ్మా. సందర్శించాలి."

"రెండింటికీ తేడా ఏటి?"

"చూడ్డం కళ్ళతోటి. సందర్శించడం మనసుతోటి," అన్నాడు తవిటినాయుడు. శిక్షణలో నేర్చుకున్న మాట అని తెలుస్తూనే ఉంది. ఎందుకంటే అనేసి అతను కూడా కాసేపు ఆలోచనలో పడ్డాడు.

"మనసుతోటైతే మా ఇంటికాడే సందర్శించుకుందును గదా. ఇంత కొండెక్కించి మరీ ఎందుకు?"

"ఇంటి దగ్గర జంతువులుండవు కదమ్మా."

ఎర్నమ్మ మాస్టారి వైపు తిరిగింది. "ఇతగాడు సెప్పింది మీకేటైనా బోధపడిందాండి?" మాస్టారు లేదన్నట్టు తలూపారు. ఆవిడ స్థిమితపడింది. చదువుకున్నవాళ్ళకీ బోధపడలేదంటే ఇక తనకి బెంగ లేదు.

సాధికార వీక్షకులు త్రిమూర్తులు గారు డ్రైవరు పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నారు. మెళ్ళో ఈల, కళ్ళకి లావుపాటి అద్దాలు. ఎవరో ఒకరు చూస్తే తప్ప కళ్ళెప్పుడు మూసుకోవాలో తెలియదు కాబట్టి, కొండ మొత్తానికి చూసే హక్కు ఒక్క మనిషికి ఇచ్చారు. ఆ హక్కు సీనియారిటీని బట్టి వచ్చింది. త్రిమూర్తులు గారు అంతకుముందు రిజిస్ట్రేషన్ ఆఫీసులో ఉండేవారు. దస్తావేజులు చదివి చదివి రెండు కళ్ళలోనూ శుక్లాలు వచ్చాయి.

"ఆపరేషన్ చేయించుకోలేదాండీ?" అని అడిగారు మాస్టారు, టీ కోసం బస్సు ఆగినప్పుడు.

"సెలవడిగానండి. కొండ మీద చూసే అర్హత ఉన్న ఉద్యోగివి నువ్వొక్కడివే, నువ్వు కళ్ళ కోసం సెలవు పెడితే చూసేదెవరు అన్నారు." టీ గ్లాసు కోసం గాల్లో వెతుకుతూ చెప్పారు త్రిమూర్తులు గారు. మాస్టారు గ్లాసుని ఆయన చేతిలోకి జరిపారు.

"మరి జంతువు వచ్చినట్టు ఎలా తెలుస్తుందండి?"

"నల్లగా ఏదైనా అడ్డొస్తే ఈల వేస్తాను. రాయి అయితే రాయికి కూడా కాస్త గౌరవం జరుగుతుంది. నష్టమేముంది?"

ఇంత నెమ్మదైన మనిషిని ఆ ఉద్యోగంలో పెట్టినందుకు మండలిని మెచ్చుకోవాలనిపించింది మాస్టారికి.

డ్రైవరు సంగతి మాత్రం కొన్నాళ్ళు చిక్కుగా ఉండేదట. ఘాట్ రోడ్డులో ఈల వేయగానే డ్రైవరూ కళ్ళు మూసుకున్నాడు. బస్సు కల్వర్టు గోడని సందర్శించి ఆగింది. అప్పుడు మండలి సవరణ చేసింది: డ్రైవరు రోడ్డుని చూడవచ్చు, రోడ్డు మీద ఉన్న జంతువుని మాత్రం చూడకూడదు. అప్పట్నించీ డ్రైవరు ఏం చేస్తున్నాడో ఎవరూ అడగలేదు. అతనూ చెప్పలేదు.

మొదటి మజిలీ వన్యప్రాణి పరిచయ కేంద్రం. లోపల గోడల నిండా అందమైన చట్రాలున్నాయి. చట్రాల్లో ఏమీ లేదు. కింద ఇత్తడి రేకుల మీద మాత్రం 'ఎలుగుబంటి', 'కొండగొర్రె', 'బెట్టుడుత' అని చెక్కి ఉంది. ఫొటోలకి ఆ జంతువుల ఒప్పుదల లేనందువల్ల తీసేశారని చెప్పాడు తవిటినాయుడు. నడి హాల్లో సిమెంటు అడవిదున్నకి దుప్పటి కప్పి ఉంది.

"బొమ్మకి కూడానా?" అన్నారు మాస్టారు.

"బొమ్మ చూసి అసలుదాన్ని ఊహించుకుంటారు కదండీ. ఊహించుకోవడం గురించి మండలి ఇంకా నిర్ణయం తీసుకోలేదు."

మాస్టారు 'బెట్టుడుత' అన్న పేరు దగ్గర నిలబడ్డారు. ఖాళీ చట్రానికి అద్దం ఉంది. అందులో ఆయన ముఖమే కనబడింది. "ఇది పెద్ద ఉడుతేనా?" అని అడిగారు.

"అవునండి. రెండు రంగుల్లో ఉంటుందని మా తాత చెప్పేవాడు," అన్నాడు తవిటినాయుడు. తర్వాత గొంతు తగ్గించి, "మా తాత ఒప్పుదల అడక్కుండానే చూశాడండి. పాతకాలం మనిషి," అన్నాడు.

కేంద్రం దాటాక చెక్‌పోస్టు. అక్కడ బస్సు ముందు ఒక జీపు ఆగి ఉంది. వెనక భాగానికి టార్పాలిన్ బిగించి ఉంది. దాని అంచు కిందనించి గిట్టలున్న కాలొకటి బయటికి వేలాడుతోంది. గార్డు వచ్చి టార్పాలిన్ కాస్త ఎత్తి, "జంతువే" అన్నాడు, వెంటనే పట్టీ కళ్ళ మీదకి దించుకున్నాడు. తడుముకుంటూ వెళ్ళి గేటు ఎత్తాడు. జీపు నెమ్మదిగా కొండ దిగిపోయింది. జీపు డ్రైవరు వెళుతూ వెళుతూ గార్డుకి నమస్కారం పెట్టాడు. గార్డుకి అది కనబడలేదు.

"ఆ జీపులో ఉన్నది చచ్చిపోయిన దుప్పి కదయ్యా?" అన్నారు మాస్టారు.

తవిటినాయుడు కిటికీ అవతలికి చూస్తూ అన్నాడు. "చనిపోయిన జంతువుకి గోప్యత ఇంకా ఎక్కువండి. పాపం, అది ఒప్పుదల ఇవ్వడానికి కూడా లేదు కదా."

"ఇట్టాటియి రోజూ ఎల్తాయా?" అంది ఎర్నమ్మ.

"మాకేం తెలుస్తుందమ్మా. చూడం కదా."

నిబంధన ఎవరి కళ్ళకి గుడ్డ కట్టిందో, ఎవరి చేతులు విప్పిందో మాస్టారికి అప్పుడు కొంచెం అర్థమైంది. ఎర్నమ్మ గారెల గిన్నె మీద చెయ్యి ఇంకా గట్టిగా వేసింది.

గిన్నె మీద ఆవిడకున్న అనుమానం మధ్యాహ్నం నిజమైంది. భోజనాలకి వాగు పక్కన బల్లలు వేశారు. ఆకులు పరిచారు. బొంగులో కాల్చిన కోడికూర, వేడి అన్నం. ఎర్నమ్మ తన గారెలు నలుగురికీ పంచబోయింది. ఇంతలో త్రిమూర్తులు గారికి ఎదురుగా నల్లగా ఏదో కనబడింది. నిజానికి అది బొంగుల కట్ట. ఈల వేశారు. అందరూ పట్టీలు దించుకున్నారు.

మొదట్లో కోతులు వస్తే ఈల వేసేవారు. ఇప్పుడు ఈల వేస్తే కోతులు వస్తున్నాయి. మనుషులు ఈల వినగానే కళ్ళకి గుడ్డ కట్టుకుని బుద్ధిగా కూర్చుంటారని తురాయికొండ కోతులు మండలి కంటే ముందే అర్థం చేసుకున్నాయి. చీకట్లో గిన్నెల చప్పుడు, ఆకులు చిరిగిన చప్పుడు, ఎవరో తృప్తిగా నమిలిన చప్పుడు వినబడ్డాయి. మాస్టారి భుజం మీద చిన్న వెచ్చటి చెయ్యి ఒకటి ఆనింది, మరుక్షణం ఏదో బల్ల మీదకి దూకింది. "నా గారెలు," అంది ఎర్నమ్మ, కళ్ళకి గుడ్డతో, ఎవర్నీ ఉద్దేశించకుండా.

రెండో ఈల తర్వాత చూస్తే ఆకుల్లో కోడి ఎముకలే మిగిలాయి. ఎర్నమ్మ నడుం మీద చెయ్యి వేసుకుని తవిటినాయుడి దగ్గరికి వెళ్ళింది.

"మా తిండంతా కోతులు తినీసినాయి. దీనికేటి సమాధానం సెప్తావు?"

"కోతులేనని ఎలా తెలుసమ్మా? చూశారా?"

"సూడలేదు గానీ..."

"చూడకపోతే సాక్ష్యం లేదు. చూస్తే నేరం. ఏం రాసుకోమంటారో చెప్పండి."

ఎర్నమ్మ ఖాళీ గిన్నె తెచ్చి అతని ముందు బోర్లించింది. తర్వాత, "పోనీ, ఆకలేత్తోందని రాసుకో. అది నాను సూసే సెప్తన్నాను," అంది.

డ్రైవరు మాత్రం తన భోజనం బస్సులోనే తిన్నాడు. ఎందుకని ఎవరూ అడగలేదు. కానీ అతను తన పొట్లంలోంచి రెండు ఇడ్లీలు తెచ్చి, "తినండి మాస్టారూ, పొద్దున్నవే" అన్నాడు. మాస్టారు ఒకటి ఎర్నమ్మకిచ్చారు. చల్లారిన ఇడ్లీలో ఇంత రుచి ఉంటుందని ఆయనకి ఆ రోజే తెలిసింది.

సాయంకాలానికి బస్సు కొండ శిఖరానికి చేరింది. అతిథిగృహం పెంకులు మారాయి గానీ అరుగు అదే. అరుగు ముందు నల్లమద్ది చెట్టు కూడా అదే. మాస్టారు బస్సు మెట్టు మీదే ఆగిపోయారు. బూడిద రంగు బెరడు, మొసలి వీపులా పగుళ్ళు, ఆకాశం అంచున కొమ్మలు. తను వంగి చెప్పు బాగుచేసుకున్న రాయి కూడా అక్కడే ఉంది. కానీ చెట్టు మొదలు చుట్టూ తెల్లసున్నంతో గీత గీసి ఉంది. పక్కన ఇద్దరు మనుషులు పొడుగు రంపంతో సిద్ధంగా కూర్చున్నారు. వాళ్ళ వెనక షామియానా, వేదిక, పూలదండలు.

"ఇదేమిటయ్యా?" అన్నారు మాస్టారు.

"అదృశ్య వీక్షణ మందిరానికి శంకుస్థాపనండి," అన్నాడు తవిటినాయుడు. "కిటికీలు లేని పెద్ద హాలు. లోపల ఏసీ. ఇకమీదట యాత్రికులు పట్టీలు కట్టుకునే అవస్థ లేకుండా అందులో కూర్చుని హాయిగా ఏమీ చూడకుండా ఉండొచ్చు. చెట్టు అడ్డంగా ఉంది."

"ఈ చెట్టు మీద జంతువులుంటాయి కదా."

"జంతువులున్న చెట్టుని కొట్టకూడదని కచ్చితమైన నిబంధన ఉందండి. అందుకే విచారించారు. ఏడాదిగా ఈ చెట్టు మీద జంతువుని చూసినవాళ్ళు ఒక్కరూ లేరు."

ఇంతమంది తెలివైనవాళ్ళు ఇంత కష్టపడి చేరుకున్న ముగింపుకి ఎక్కడ అడ్డు తగలాలో మాస్టారికి తోచలేదు.

మండలి సంచాలకులు చక్రపాణి గారు మైకు ముందుకొచ్చారు. ఖద్దరు కోటు, చిన్న గడ్డం, పెద్ద గొంతు. "ఉపరి సూచించిన లక్ష్యాల సాధనలో తురాయికొండ రాష్ట్రానికే తలమానికం. గత సంవత్సర కాలంలో ఈ కొండపై ఒక్క వన్యప్రాణి కూడా యాత్రికుల కంటికి కనబడలేదు. అనగా సంపూర్ణ గోప్యత సాధించబడినది. చూడబడని జంతువే స్వేచ్ఛా జంతువు. సదరు విజయాన్ని పురస్కరించుకుని, చెట్టు తొలగింపుకి ముందుగా, మనమందరం పట్టీలు దించి వన్యప్రాణులకు ఒక నిమిషం అచూపు పాటిద్దాం."

వేదిక మీదివాళ్ళు, కిందివాళ్ళు, రంపం మనుషులు, మైకు మనిషి, అందరూ పట్టీలు దించారు. కొండ మీద ఒక్కసారిగా గాలి చప్పుడు వినబడింది. మాస్టారూ దించారు. ఆ చీకట్లో, తలమీద ఏదో టప్పున పడింది. చేత్తో తడిమితే కాయ తొక్క. ఒక పక్క పళ్ళతో కొరికి ఉంది. ఇంకోటి పడింది. పైనించి కటకటమని, ఎండిన కాయల్ని గిన్నెలో వేసి కదిపినట్టు అరుపు వినబడింది.

ఆయన పట్టీ ఎత్తారు.

పై కొమ్మ చివర, ఆకులతో అల్లిన కుండంత గూడు పక్కన, అది వెనక్కాళ్ళ మీద కూర్చుని ఉంది. వీపు పండిన చింతపండు రంగు. పొట్ట మీగడ రంగు. చెవుల మీద కుచ్చులు. రెండు చేతులతో కాయ పట్టుకుని, కింద కళ్ళకి గుడ్డలు కట్టుకుని నిలబడ్డ జనాన్ని చూస్తూ తింటోంది. తోక కొమ్మ కిందకి వేలాడి, గాలికి ఊగుతోంది. అవును, దానికంటే పొడుగే. వరహాలమ్మ ఆ రోజు ఏ మాటలు చెప్పిందో, అవన్నీ ఒక్కటీ వదలకుండా అక్కడ కూర్చుని ఉన్నాయి.

నిమిషం అయింది. చక్రపాణి గారు పట్టీ ఎత్తి రంపం వాళ్ళకి చెయ్యి ఊపబోయారు.

"ఆగండి," అన్నారు మాస్టారు. తన గొంతు అంత గట్టిగా వస్తుందని ఆయనకే తెలియదు. "చెట్టు మీద జంతువుంది. నేను చూశాను."

షామియానా కింద గుసగుసలు మొదలయ్యాయి. జనం తలలెత్తేసరికి కొమ్మ మీద ఏమీ లేదు. ఆకులు మాత్రం కదులుతున్నాయి. చక్రపాణి గారు వేదిక దిగి వచ్చారు.

"అచూపు సమయంలో చూశారా?"

"చూశానండి."

"తమరు పెద్దవారు. తమరు చేసింది ఎంత తీవ్రమైన ఉల్లంఘనో గ్రహించారా? పైగా నేరం ద్వారా లభించిన చూపు సాక్ష్యంగా చెల్లదు. కావున చెట్టు విషయంలో మార్పు లేదు. తమరి విషయంలో మాత్రం చర్య ఉంటుంది. ఈ కొండకి తమరిక శాశ్వతంగా అనర్హులు."

మాస్టారు చెట్టు వైపు చూశారు. దాని మొదట్లో రంపం నేల మీద ఉంది. చక్రపాణి గారికి ఆయన తెల్లజుట్టు చూసి కాస్త జాలి కలిగింది. నిజానికి ఆయన చెడ్డవారేమీ కాదు. దగ్గరికి జరిగి గొంతు తగ్గించారు.

"మాస్టారూ, నేనొక మార్గం చెప్తాను. పెంపుడు జంతువులు మా పరిధిలోకి రావు. అతిథిగృహంలో పిల్లులు తిరుగుతుంటాయి. తమరు చూసింది పిల్లి అనండి. నేరం లేదు. చర్య లేదు. అందరం మర్యాదగా ఇంటికి పోతాం. ఒక్క మాట. పిల్లి."

మాస్టారికి నవ్వొచ్చింది. ఇన్నేళ్ళూ ఆయన ఇంట్లో పొద్దున్నా సాయంత్రం అన్న మాటే అది. నోటికి అంత అలవాటైన మాట ఇంకోటి లేదు. ఇప్పుడు ఆ మాట అంటే తనకి కొండ మిగులుతుంది. చెట్టు పోతుంది, చెట్టుతో పాటు ఆవిడ మాట కూడా పోతుంది.

"పిల్లి కాదండి," అన్నారు. "ఉడుతే. పెద్దది. రెండు రంగులది. తోక దానికంటే పొడుగు. మా ఆవిడ మొదట్నించీ చెప్తూనే ఉంది, నేనే ఒప్పుకోలేదు. ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. మీరు ఏ చర్య తీసుకున్నా సరే."

"శ్రీమతిగారు కూడా చూశారా? ఎక్కడున్నారు వారు?" అన్నారు చక్రపాణి గారు, రెండో ముద్దాయి కోసం చుట్టూ చూస్తూ.

"లేదండి. పోయింది."

చక్రపాణి గారు కోటు గుండీ సర్దుకున్నారు. తర్వాత దగ్గి, మళ్ళీ అధికారిలోకి వచ్చేశారు. "విచారకరం. అయినప్పటికీ నిబంధన ప్రకారం చెల్లుబాటయ్యే చూపు సాధికార వీక్షకులది మాత్రమే. వారు చూసి ఉంటే చెప్పాలి. త్రిమూర్తులు గారూ, తమరు చూశారా?"

వెనక కుర్చీలోంచి త్రిమూర్తులు గారు లేచారు. లావుపాటి అద్దాలు తీసి తుడుచుకున్నారు. మళ్ళీ పెట్టుకున్నారు. తడబడుతూ నడిచొచ్చి, చెట్టు ఉందనుకున్న వైపు తలెత్తారు. ఆయన కళ్ళకి అక్కడ ఆకుపచ్చటి మసక తప్ప ఏమీ లేదని బస్సు మొత్తానికి తెలుసు. ఎవరూ నోరు విప్పలేదు. ఎర్నమ్మ చెయ్యి ఖాళీ గారెల గిన్నె మీద బిగుసుకుంది.

"చూశానండి," అన్నారు త్రిమూర్తులు గారు తాపీగా. "ఒకటి కాదు. రెండున్నాయి."

"మరి ఈల వేయలేదేం?"

"అందరూ అప్పటికే కళ్ళు మూసుకునున్నారు కదండీ. మళ్ళీ ఎందుకని."

ఆ కొండ మీద చూసే హక్కున్న ఏకైక మనిషి చూశానంటే, చూడలేదని చెప్పే హక్కు ఇంకెవరికీ లేదు. తన మండలి రాసిన నిబంధనలోనే తను చిక్కుకుపోయిన సంగతి చక్రపాణి గారికి అర్థమైంది. రంపం మనుషుల్ని వెళ్ళిపొమ్మన్నారు. పూలదండలు అలాగే మిగిలిపోయాయి. త్రిమూర్తులు గారు మాస్టారి పక్కనించి వెళుతూ, "ఎన్నున్నాయండీ నిజానికి?" అని అడిగారు.

"ఒకటే చూశాను."

"పోన్లెండి. రెండోది దానికి తోడుంటుంది."

అయితే మండలి అంత తేలిగ్గా ఓడిపోయే సంస్థ కాదు. చెట్టు మీద జంతువున్నట్టు అధికారికంగా తేలింది కాబట్టి, ఆ చెట్టుకి తక్షణమే గోప్యత కల్పించాలని చక్రపాణి గారు అక్కడికక్కడే ఆదేశించారు. షామియానా విప్పారు. దాని ఆకుపచ్చ గుడ్డకే తాళ్ళు కట్టి, మొదలు దగ్గర్నించి అందినంత మేర చెట్టు చుట్టూ చుట్టారు. కాస్త దూరంనించి చూస్తే, జబ్బు చేసి దుప్పటి కప్పుకుని కూర్చున్న ముసలాడిలా ఉంది చెట్టు. ఉంది, అదే పదివేలు.

మాస్టారిని బస్సెక్కిస్తూ చక్రపాణి గారు, "శాశ్వత నిషేధం మాత్రం అమల్లోనే ఉంటుంది, గమనించగలరు," అన్నారు.

"మంచిదండి. ఈ కొండ మీద నేను చూడాల్సింది అయిపోయింది," అన్నారు మాస్టారు.

బస్సు కదిలింది. పడమటి ఎండ కొండల మీద పలచగా పరుచుకుంటోంది. మొదటి మలుపు దగ్గర మాస్టారు వెనక్కి చూశారు. చుట్టిన గుడ్డ పై అంచు దగ్గర ఏదో లాగుతోంది. గుడ్డలోంచి పొడుగాటి పీలిక ఒకటి చిరిగి, నెమ్మదిగా పైకి, గూటి వైపు వెళ్ళిపోయింది. గూట్లో పరుచుకోడానికి మండలి గుడ్డ మెత్తగా ఉన్నట్టుంది. ఎందుకో త్రిమూర్తులు గారు అప్పుడే ఈల వేశారు. బస్సులో అందరూ పట్టీలు దించారు, ముక్కుల దాకా. కళ్ళు మాత్రం అందరివీ కిటికీల బయటే ఉన్నాయి.

ఎర్నమ్మ మాస్టారి మీదుగా మెడ సాచి చూసింది. ఆవిడకి దక్కింది తోక చివర ఒక్కటే.

"మాస్టారూ, మీరేటీ అనుకోకండి," అంది వెనక్కి వాలుతూ. "అది పిల్లిలాగే అగుపించిందండి నాకు."

"పిల్లి ఏమిటమ్మా? పిల్లికి అంత తోక ఎక్కడుంటుంది?"

"కొండపిల్లులకుంటాదేమో, ఎవులికి తెల్సు?"

"చెవుల మీద కుచ్చులు చూడలేదా?"

"నాకు సెవులు కనబడనేదు. ఈ కళ్ళజోడు మార్పించాలండి."

మాస్టారు సీటులో ఆవిడ వైపు తిరిగి కూర్చున్నారు. వీపు రంగు దగ్గర్నించి మొదలుపెట్టారు. ఆవిడ ఒక్కటీ ఒప్పుకోలేదు. ఘాట్ రోడ్డు దిగేదాకా వాళ్ళ వాదన తెగలేదు. ఒప్పుకోని మనిషికి ఉడుత సంగతి చెప్పడం ఎంత కష్టమో ఆయనకి తెలిసొచ్చింది. అన్నేళ్ళూ విసుక్కోకుండా చెప్పినందుకు వరహాలమ్మని మనసులో మెచ్చుకుని, తోక సంగతి మళ్ళీ మొదట్నించి ఎత్తుకున్నారు.